కారు తోలని వాళ్ళని అడిగి చూడండి: న్యూజెర్సీనా, టెక్సాసా?

మా పిన్ని కొడుకు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాడు. పోయిన నెల ఫోన్ చేసి "అక్కా, ఆఫీసువాళ్ళు డల్లాస్ వెళ్తావా అని అడుగుతున్నారు, జీతం తగ్గించరంట, స్టేట్ టాక్స్ ఉండదు, ఇక్కడ రెండు బెడ్రూముల కాండో కొనే డబ్బుతో అక్కడ నాలుగు బెడ్రూముల ఇల్లు వస్తుందంట, నువ్వు రెండు చోట్లా ఉన్నావు కదా, ఏం చెయ్యమంటావ్" అన్నాడు. ఆ రాత్రే ఒక ఎక్సెల్ షీట్ పంపించాడు. చాలా శ్రద్ధగా వేశాడు పాపం, జీతం, టాక్సు, ఇంటి లోను, ఇన్సూరెన్సు, కరెంటు, పాప డే కేర్, అన్నీ రెండు రాష్ట్రాలకీ పక్కపక్కన. ఏడాదికి ఎంత మిగులుతుందో కింద పచ్చ రంగులో వచ్చేలా పెట్టాడు.

ఆ షీటు రెండుసార్లు చూశా. వాడి భార్య ఇంకా హెచ్‌ఫోర్ మీదే, అంటే భర్త వీసా మీద ఆధారపడి ఇచ్చే వీసా మీదే ఉంది, ఆ అమ్మాయికి డ్రైవింగ్ రాదు. సంక్రాంతి వెళ్ళాక మా పిన్నీ బాబాయీ ఆరు నెలలకి వస్తున్నారు. పాపకి నాలుగేళ్ళు. ఖర్చుల్లో వీళ్ళందరూ ఉన్నారు, కానీ పొద్దున్న వాడు కారు తీసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాక సాయంత్రం దాకా వీళ్ళ రోజు ఎలా గడుస్తుందో చెప్పే వరస ఒక్కటి కూడా లేదు. ఫోన్లో ఏదో చెప్పబోయా, సరిగ్గా చెప్పలేకపోయా. అందుకే కూర్చుని రాస్తున్నా, వాడి కోసమే కాదు, ఇదే ప్రశ్న పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి.

నేను 2009 జనవరి నుంచి 2018 జూన్ దాకా ఎడిసన్‌లో ఉన్నా, అప్పట్నుంచి డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో పక్కన ఉంటున్నా. రెండు చోట్లా పిల్లల్ని పెంచా, రెండు చోట్లా అమ్మానాన్నల్ని తెచ్చుకున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, తర్వాత మీరు ఒప్పుకోండి మానండి. ఒక రాష్ట్రంలో బతుకు ఎలా ఉంటుందో తెలియాలంటే ఆ ఇంట్లో కారు తోలేవాణ్ణి అడగకూడదు, కారు తోలని వాళ్ళని అడగాలి. అలా అడిగితే నా ఓటు న్యూజెర్సీకే, అందులోనూ రైలు దారి పక్కన ఉన్న న్యూజెర్సీకి.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అక్కడ మా తమ్ముడి లెక్క తప్పు కాదు. న్యూజెర్సీలో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ 1.4 శాతంతో మొదలై పై మెట్టులో 10.75 దాకా పోతుంది, భార్యాభర్తలిద్దరికీ కలిపి టాక్స్ పడే ఆదాయం 1,80,000 డాలర్లు అనుకుంటే దాదాపు 7,400 డాలర్లు రాష్ట్రానికి పోతాయి. టెక్సాస్‌లో అది సున్నా, 2019లో ఓటింగు పెట్టి ఇన్‌కమ్ టాక్స్ వెయ్యకూడదని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. దానికి బదులు ప్రాపర్టీ టాక్స్ పిండుతారు అంటారు, నిజమే, మేము పోయినేడు 8,600 కట్టాం, కానీ న్యూజెర్సీవాళ్ళు ఆ మాట అనకూడదు, 2024లో అక్కడ సగటు ఇంటి పన్ను 10,000 డాలర్లు దాటింది. అంత చిన్న రాష్ట్రంలో 564 మునిసిపాలిటీలు, దాదాపు 600 స్కూల్ డిస్ట్రిక్టులు ఉంటే, దాదాపు ప్రతి దానికీ ఒక ఆఫీసు, ఒక సూపరింటెండెంటో ఒక పోలీసు చీఫో ఉంటే పన్ను అంత కాక ఎంతవుతుంది.

టెక్సాస్‌లో ఆ షీటుకి ఎక్కనివి రెండున్నాయి. ఒకటి వడగళ్ళు. 2023లో మా ఇంటి కప్పు మొత్తం మార్చాల్సి వచ్చింది, ఇక్కడ చాలా పాలసీల్లో డిడక్టిబుల్ ఇంటి విలువలో 1 శాతమో 2 శాతమో పెడతారు, అంటే వేలల్లో మనమే కట్టుకోవాలి, ఆ తర్వాత ప్రీమియం కూడా పెరుగుతుంది. రెండోది రెండో కారు. కొత్త కారు ఒకటి కొని నడపడానికి ఏడాదికి సగటున 12,000 డాలర్లపైనే అవుతుందని ట్రిపుల్ ఎ అనే కార్లవాళ్ళ సంఘం వాళ్ళు 2024లో లెక్క కట్టారు. మాది సెకండ్ హ్యాండ్ కాబట్టి అంత కాలేదు, అయినా న్యూజెర్సీలో తొమ్మిదేళ్ళూ మేము ఒక్క కారుతోనే గడిపాం, ఇక్కడికొచ్చిన పదకొండో రోజున రెండోది కొన్నాం. ఇవన్నీ కలిపి తీసేసినా ఏటా కొంత టెక్సాస్ వైపే మిగులుతుంది, ముఖ్యంగా ఇల్లు కొనేవాళ్ళకి. అద్దె ఇంట్లో బొద్దింకలతో తొమ్మిదేళ్ళు ఉండి వచ్చినదాన్ని, పెరట్లో కరివేపాకు చెట్టు పెట్టుకున్నప్పుడు నాకెంత సంతోషమేసిందో నాకు తెలుసు. ఆ సంతోషాన్ని నేను తక్కువ చెయ్యను.

ఇప్పుడు మా నాన్న సంగతి.

మా నాన్న తెనాలిలో ఆర్టీసీ కండక్టరుగా చేసి 2008లో రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడే బతికిన మనిషి, ఇంట్లో కూర్చోమంటే కాళ్ళు లాగుతాయి ఆయనకి. 2014లో మొదటిసారి ఎడిసన్ వచ్చారు, అప్పుడు ఆయనకి 64. వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే లేచి చూస్తే ఇంట్లో లేరు. నాకు గుండె జారిపోయింది. ఎనిమిదింటికి చేతిలో కొత్తిమీర కట్ట, ఒక తెలుగు పేపరు పట్టుకుని వచ్చారు. మా అపార్ట్‌మెంట్ నుంచి మన ఇండియన్ షాపులుండే ఓక్ ట్రీ రోడ్డు పావుగంట నడక, దారంతా ఫుట్‌పాత్ ఉంది, దారి అడుగుతూ అడుగుతూ వెళ్ళిపోయారంట. "అడుగుతూ అంటే ఏ భాషలో నాన్నా" అంటే "తెలుగులోనే, మొదట కనపడ్డవాడు గుజరాతీ, రెండోవాడు మన ఒంగోలు ఆయనే" అన్నారు.

ఆ ఒంగోలు ఆయన, ఇంకో ఇద్దరు నిజామాబాద్ వాళ్ళు, ఒక కరీంనగర్ రిటైర్డ్ టీచరు, వీళ్ళంతా పిల్లల దగ్గరికి వచ్చినవాళ్ళే, రోజూ పొద్దున్న ఒక స్వీట్ షాపు ముందున్న బెంచీ మీద చేరేవాళ్ళు. ఆ ఆరు నెలలూ మా నాన్న ఎవర్నీ ఎక్కడికీ తీసుకెళ్ళమని అడగలేదు. మేమే ఆదివారం బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్దాం రండి అని బతిమాలాల్సి వచ్చేది.

ఒకరోజు మెట్రోపార్క్ స్టేషన్‌కి నడిచి వెళ్ళి, టికెట్ మెషీన్ దగ్గర ఎవర్నో సాయమడిగి, 62 దాటినవాళ్ళకి ఉండే తగ్గింపు టికెట్ తీసుకుని, న్యూయార్క్ వెళ్ళి వచ్చారు, ఒక్కరే. ముప్పావు గంట ప్రయాణం. నాకు సాయంత్రం చెప్పారు. న్యూయార్క్ ఎలా ఉంది నాన్నా అంటే పెన్ స్టేషన్ బయటకొచ్చి నాలుగు వీధులు తిరిగి వచ్చేశానమ్మా, జనం బాగున్నారు అన్నారంతే. ఆయన మనసంతా రైల్లోని కండక్టర్ మీదే ఉంది. జేబులోంచి సన్నటి అట్ట ముక్క ఒకటి తీసి చూపించారు. మీలో ఆ రైలెక్కినవాళ్ళకి తెలిసే ఉంటుంది, కండక్టర్ మన టికెట్ చూశాక ఒక రంగు చీటీకి పంచింగు మెషీన్‌తో చిల్లులు పెట్టి సీటు మీద క్లిప్పులో దోపి వెళ్తాడు, మనం ఎక్కడ దిగాలో ఆ చిల్లుల్ని బట్టి అతనికి తెలుస్తుంది, ఇంక మళ్ళీ అడగడు. దిగేటప్పుడు అది తీసి జేబులో పెట్టుకున్నారు మా నాన్న. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఈ చిల్లు ఇక్కడెందుకు పెట్టాడు, ఇది వెళ్ళే వైపా వచ్చే వైపా అని మా ఆయనతో గంటసేపు చర్చించారు. "మనకీ ఈ పద్ధతి ఉంటే సంక్రాంతి రద్దీలో ఎన్ని గొడవలు తప్పేవో అల్లుడుగారూ" అన్నారు. ఆ అట్ట ముక్క ఇప్పటికీ తెనాలిలో ఆయన పాకెట్ డైరీలో ఉంది.

అదే మనిషి 2019లో టెక్సాస్ వచ్చారు, మళ్ళీ 2023లో వచ్చారు.

ఇంటిని చూసి పొంగిపోయారు, అది నిజం. వచ్చిన రోజే పెరట్లో వంగి పగుళ్ళిచ్చిన మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసి "ఇది మన నల్లరేగడే కదమ్మా, ఇక్కడ పత్తి వేసేవాళ్ళా" అన్నారు. నేను అప్పటిదాకా పట్టించుకోలేదు, తర్వాత చూస్తే నిజమే, డల్లాస్ చుట్టుపక్కల నేలకి బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అని పేరు, ఒకప్పుడు ఇదంతా పత్తి పొలాలే. వానకి ఉబ్బి ఎండకి పగిలే మట్టి, అందుకే ఇక్కడ వేసవిలో ఇంటి చుట్టూ గొట్టాలు పెట్టి పునాదికి నీళ్ళు పెడతాం. ఆ పని నాన్నే తీసుకున్నారు. రోజుకి అరగంట పని. మిగతా రోజంతా ఏం చెయ్యాలి?

మా కాలనీలో ఫుట్‌పాత్ ఉంది. కాలనీ లోపల గుండ్రంగా తిరిగి మళ్ళీ మన ఇంటికే వస్తుంది. గేటు దాటితే ఆరు లేన్ల రోడ్డు, దాని అవతల పొలం, ఇంకా అవతల షాపులు. ఇండియన్ గ్రోసరీ 2.3 మైళ్ళు. జూలైలో పొద్దున తొమ్మిది దాటితే బయట నిలబడలేం, మధ్యాహ్నానికి 100 ఫారన్‌హీట్ దాటుతుంది. మొదటి వారం నాన్న పొద్దున ఆరింటికి గేటు దాటి వెళ్ళారు. ఫుట్‌పాత్ కొంతదూరం పోయి గడ్డిలో ఆగిపోయింది, ఆయన గడ్డిలోనే నడిచారు. ఒక పెద్ద ట్రక్కాయన ఆపి, తప్పిపోయారా, ఎక్కడ దింపమంటారు అని అడిగాడంట. మంచి మనిషి, ఇంటిదాకా తెచ్చి దింపి, నాకు చెయ్యెత్తి నమస్కారం లాగా పెట్టి వెళ్ళాడు. టెక్సాస్‌లో మనుషులు అలాంటివాళ్ళే, నేను కళ్ళారా చూశా. కానీ నాన్నకి అది చాలా అవమానంగా అనిపించింది. రోడ్డు మీద నడిచే మనిషిని చూస్తే ఏదో ఆపదలో ఉన్నాడు అనుకునే ఊరు ఇది, అని ఆయనకి అర్థమైపోయింది. మళ్ళీ గేటు దాటలేదు.

2023లో వచ్చినప్పుడు సాయంత్రం పూట డ్రైవ్‌వేలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను టీ తీసుకెళ్ళి ఇస్తే ఒకరోజు అన్నారు, "మనుషులు కనపడరమ్మా ఇక్కడ, గరాజు తలుపులు లేస్తాయి, దిగుతాయి, అంతే." ఆ మాట తర్వాత నేను గమనించా, ఎదురింటివాళ్ళు మాకు తెలుగువాళ్ళే, వాళ్ళింట్లో కూడా వాళ్ళమ్మగారు ఉన్నారు, ఆవిడని నేను చూసి అప్పటికి రెండు నెలలైంది. ఆవిడ ఉన్నారని తెలుసు, కనపడరు. ఆరు నెలల వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు మా కాలనీలో ఎంతమంది ఉన్నారో లెక్కపెడితే ఇరవై మందికి తక్కువ ఉండరు, అందరూ కిటికీల వెనకే.

కార్యసిద్ధి హనుమాన్ గుడి మాకు పెద్ద దూరం కాదు, కారులో పన్నెండు నిమిషాలు. మంగళవారం వెళ్దాం నాన్నా అంటే "వద్దులే, అల్లుడుగారు అలిసిపోయి వస్తారు" అనేవారు. ఊబర్ ఉంది కదా అంటారు చాలామంది. కొత్తిమీర కట్టకి పోనూ రానూ 20 డాలర్లు పెట్టే మనిషా మా నాన్న? ఉన్నా సరే, టికెట్ కొనుక్కుని ఎక్కడం వేరు, కూతురు ఫోన్లో నొక్కి పిలిచిన కారు ఎక్కడం వేరు.

ఇది పెద్దవాళ్ళ సమస్య మాత్రమే అనుకోవద్దు. నా సంగతి చెప్తా. నేను 2009లో హెచ్‌ఫోర్ మీద వచ్చా. 2015 మే 26 దాకా హెచ్‌ఫోర్ వాళ్ళకి పని చేసే హక్కే లేదు, ఆ తర్వాత కూడా గ్రీన్ కార్డు దారిలో ఫలానా మెట్టు దాటినవాళ్ళ భార్యలకీ భర్తలకే ఇచ్చారు. అంటే ఆరేళ్ళకు పైగా జీతం లేకుండా, మొదటి మూడేళ్ళు లైసెన్స్ కూడా లేకుండా ఉన్నా. ఆ మూడేళ్ళు నాకు పిచ్చెక్కకపోవడానికి ఒకే కారణం, నేను తలుపు తీసి బయటికి నడవగలిగాను. పాపని స్ట్రోలర్‌లో వేసుకుని లైబ్రరీకి, అక్కణ్ణుంచి కూరగాయలకి, శనివారాలు రైల్లో న్యూఆర్క్ దాకా వెళ్ళి అక్కడ పాత్ రైలు మారి జర్నల్ స్క్వేర్‌లో దిగి న్యూఆర్క్ అవెన్యూలో దోసె తిని వచ్చేదాన్ని. 2015 ఆఖరులో ఉద్యోగం వచ్చినప్పుడు అది న్యూబ్రన్స్‌విక్ స్టేషన్ నుంచి ఏడు నిమిషాల నడక, అందుకే ఒప్పుకున్నా. ఆ మొదటి మూడేళ్ళు నేను ఇప్పుడున్న ఈ కాలనీలో గడిపి ఉంటే ఎలా ఉండేదాన్నో నాకు ఊహించుకోవడానికి కూడా భయమేస్తుంది. మా తమ్ముడి భార్యని తలుచుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

డ్రైవింగ్ వచ్చాక గొడవ తీరిపోయిందనుకున్నా. 2022లో వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు ఆలస్యమయ్యాయి, వీసా తేదీకే లైసెన్స్ తేదీ కూడా ముడిపెట్టి ఉంటుంది కాబట్టి అదీ చెల్లకుండా పోయింది. ఏడు వారాలు. పక్కింటి ఆవిడ తన పిల్లలతోపాటు మా పిల్లల్ని స్కూల్లో దింపింది, పాలు పెరుగు ఆవిడే తెచ్చింది, ఆవిడ రుణం తీర్చుకోలేను. కానీ ఒక కాగితం ఆలస్యమైతే ఒక ఇంటి ఇల్లాలు ఏడు వారాలు ఇంట్లో ఖైదు అవ్వాలా? ఎడిసన్‌లో కూడా లైసెన్స్ పోయేదే, కానీ బతుకు ఆగిపోయేది కాదు. గ్రీన్ కార్డులో ఏ దేశానికీ ఏడాదికి 7 శాతం మించి ఇవ్వని పద్ధతి ఉన్నంతకాలం మనవాళ్ళు పదేళ్ళూ ఇరవై ఏళ్ళూ ఈ ఎక్స్‌టెన్షన్ల మీదే బతకాలి. అలాంటివాళ్ళు కారు తప్ప దారిలేని చోట ఇల్లు కొనుక్కునే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి, ఎవరూ ఆలోచించరు, మేమూ ఆలోచించలేదు.

ఇది వాతావరణం వల్లో, ఊరు పెద్దదవ్వడం వల్లో దానంతట అదే వచ్చింది అనుకునేదాన్ని. కాదు, ఎంచుకున్నదే. టెక్సాస్‌లో సేల్స్ టాక్స్ రాష్ట్రానికి 6.25 శాతం, పైన ఊళ్ళు 2 శాతం దాకా వేసుకోవచ్చు. 1983లో డల్లాస్, చుట్టుపక్కల కొన్ని ఊళ్ళు ఓటేసి అందులో 1 శాతం డార్ట్ అనే రైలు బస్సుల సంస్థకి ఇచ్చాయి, ప్లేనో, రిచర్డ్‌సన్, ఇర్వింగ్ అందులో ఉన్నాయి. ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్ లేవు, ఫ్రిస్కో ఆ 1 శాతాన్ని కంపెనీల్ని తెచ్చుకోవడానికీ స్టేడియాలకీ పార్కులకీ వాడుకుంది. ఊరు పెరిగింది, 2000లో 33,000 జనాభా ఉన్నది 2020కి 2,00,000 దాటింది, ఉద్యోగాలొచ్చాయి, మేమూ వాటికే వచ్చాం. కానీ 2,00,000 మంది ఉన్న ఊరికి ఒక రైలు స్టేషన్ లేదు, మనం ఎదురుచూసి ఎక్కే బస్సు లేదు. ఇంకా దక్షిణంగా ఆర్లింగ్టన్‌లో దాదాపు 4,00,000 మంది ఉన్నారు, అక్కడా మామూలు సిటీ బస్సు లేదు, ఫోన్లో పిలిస్తే వచ్చే వ్యాన్లు పెట్టారు. తెనాలిలో 2011 జనాభా లెక్కల్లో రెండు లక్షల జనం కూడా లేరు, బస్టాండూ ఉంది, రైల్వే జంక్షనూ ఉంది.

న్యూజెర్సీ స్వర్గం అని నేను అనడం లేదు. ఛార్జీలు 2024 జూలైలో ఒకేసారి 15 శాతం పెంచారు, ఆ వేసవిలో కరెంటు వైర్లు పాడై రైళ్ళు ఆగిపోయి జనం గంటలు గంటలు ప్లాట్‌ఫారాల మీద నిలబడ్డారు. 2025 జూన్ నుంచి కరెంటు బిల్లులు 17 నుంచి 20 శాతం దాకా పెరిగాయి. మంచు తవ్వి తవ్వి మా ఆయన నడుము ఒకసారి పట్టేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, నేను చెప్పే న్యూజెర్సీ రాష్ట్రమంతా లేదు. ఇప్పుడు మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొంటున్న మన్రో, సౌత్ బ్రన్స్‌విక్, రాబిన్స్‌విల్ వైపు వెళ్తే చాలా వీధులు మా కాలనీకి అక్కచెల్లెళ్ళే, అక్కడా పాలకి కారు తియ్యాలి. స్టేషన్‌కి నడిచి వెళ్ళే చోట ఇల్లు కొనాలంటే మామూలు జీతగాళ్ళకి కష్టం, అద్దెలూ మండిపోతున్నాయి. ఇవన్నీ ఒప్పుకుంటూనే అంటున్నా, అక్కడ ఎంచుకోవడానికి ఎడిసన్, మెటచన్, న్యూబ్రన్స్‌విక్, ప్రిన్స్‌టన్ జంక్షన్, జెర్సీ సిటీ అని వరసగా చోట్లున్నాయి. చిన్న ఇల్లు, పాత ఇల్లు, అద్దె ఇల్లు ఏదో ఒకటి దొరుకుతుంది. మా వైపు ఎంత డబ్బు పెట్టినా కొనుక్కోలేని వస్తువు అది.

టాక్స్ కట్టాం, పోయింది అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. మా చిన్నాడు 2013లో ఎడిసన్‌లో పుట్టాడు. న్యూజెర్సీలో 2009 నుంచి ఫ్యామిలీ లీవ్ ఇన్సూరెన్స్ ఉంది, ప్రతి జీతంలోంచీ కొద్దిగా కోసుకుంటారు, బిడ్డ పుడితే అప్పట్లో ఆరు వారాల దాకా జీతంలో మూడింట రెండొంతులు, ఒక పరిమితి లోపల ఇచ్చేవాళ్ళు, 2020 నుంచి అది 12 వారాలు, 85 శాతం దాకా చేశారు. మా ఆయన నాలుగు వారాలు తీసుకున్నాడు. అమ్మకి అప్పుడు వీసా రాలేదు, ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు, ఆ నాలుగు వారాలు ఆయనే నాకు పథ్యం వండిపెట్టాడు, వెల్లుల్లి కారం ఎలా చెయ్యాలో అమ్మని ఫోన్లో అడిగి నేర్చుకున్నాడు. టెక్సాస్‌లో రాష్ట్రం అలాంటిదేమీ పెట్టలేదు, కంపెనీ దయ. మా తోడికోడలు ఇక్కడ కాన్పయితే మరిది నాలుగో రోజున లాప్‌టాప్ తెరిచాడు. గంటకి కనీస జీతం కూడా అంతే, టెక్సాస్‌లో ఇప్పటికీ 7.25 డాలర్లే, న్యూజెర్సీలో 2025లో 15.49. ఇది మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పట్టదు అంటారు, మన పిల్లల్ని డే కేర్‌లో చూసుకునేది ఎవరు మరి, గ్రోసరీలో బియ్యం బస్తాలు మోసేది ఎవరు?

కరెంటు సంగతి రెండు చోట్లా అనుభవించా. 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను వచ్చినప్పుడు న్యూజెర్సీలో 20 లక్షలకు పైగా ఇళ్ళకి కరెంటు పోయింది, మాకు ఆరు రోజులు లేదు. పెట్రోలు దొరక్క 12 కౌంటీల్లో నంబర్ ప్లేటు సరి బేసి పెట్టారు. కష్టమే, కానీ మేము నడిచి ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్ళాం, ఒక షాపాయన జనరేటర్ పెట్టి వేడి టీ పోస్తున్నాడు, ఫోన్లు చార్జింగు పెట్టుకోనిచ్చాడు, మాకు కారుతో పనే పడలేదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను. ఎల్ పాసో లాంటి కొన్ని చోట్లు తప్ప రాష్ట్రం కరెంటు గ్రిడ్ వేరే, దేశంలో మిగతా వాటితో సరిగ్గా కలపలేదు, కేంద్రం పెత్తనం వద్దని. పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకుందామంటే తగినన్ని లైన్లు లేవు. 45 లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. మాకు ముప్పై ఒక్క గంటలు. గ్యాసు స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించి పిల్లలిద్దర్నీ మధ్యలో పడుకోబెట్టుకుని కూర్చున్నాం. రోడ్డు మీద అద్దంలా ఐసు, ఎవరింటికీ వెళ్ళలేం, ఎవరూ రాలేరు.

తుపాకుల సంగతి ఎక్కువ రాయలేను, చేతులు వణుకుతాయి. 2023 మే 6న ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగినప్పుడు అమ్మానాన్న మా దగ్గరే ఉన్నారు. చనిపోయిన 8 మందిలో మన తెలుగమ్మాయి ఉంది. అంతకు మూడు వారాల ముందే అమ్మకి చెప్పులు కొనడానికి అదే మాల్‌కి వెళ్ళాం. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి పర్మిట్ లేకుండానే తుపాకీ పట్టుకుని తిరగొచ్చు. తుపాకీ చావుల రేటులో న్యూజెర్సీ దేశంలో బాగా కిందున్న రాష్ట్రాల్లో ఒకటి, టెక్సాస్ రేటు దానికి రెండింతలు దాటి ఉంటుంది.

పిల్లల చదువు గురించి మా తమ్ముడు అడిగాడు కాబట్టి చెప్తా, స్కూళ్ళు మా వైపు బాగానే ఉంటాయి, అందులో భయం లేదు. వేరే ఒత్తిడి ఉంది. 1997లో టెక్సాస్ ఒక చట్టం చేసింది, ఏ హైస్కూల్లోనైనా మొదటి 10 శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం అని. మారుమూల ఊళ్ళ పిల్లలకీ, పేద స్కూళ్ళ పిల్లలకీ దారి ఇవ్వాలని పెట్టారు, మంచి ఆలోచన. కానీ ఆస్టిన్ యూనివర్సిటీలో రద్దీ పెరిగి అది 6 శాతానికి, 2026లో చేరేవాళ్ళకి 5 శాతానికి దిగింది. మనవాళ్ళంతా ఒకే నాలుగు స్కూళ్ళ చుట్టూ ఇళ్ళు కొంటారు, అందరి పిల్లలూ బాగా చదివేవాళ్ళే, ఆ 5 శాతంలోకి ఎంతమంది పడతారు? మా పెద్దది తొమ్మిదో క్లాసు నుంచే ర్యాంకు లెక్కలు వేసుకుంటోంది. పైగా లైసెన్స్ వచ్చేదాకా, అంటే పదహారేళ్ళు నిండేదాకా, దాని స్నేహితురాలి ఇంటికి వెళ్ళాలన్నా నేను దింపాలి. ఎడిసన్‌లో ఏడేళ్ళప్పుడే నా చెయ్యి పట్టుకుని లైబ్రరీకి దారి తనే చూపించేది.

తమ్ముడూ, ఇదంతా చదివి అక్క డల్లాస్ రావద్దంటోంది అనుకుంటావు. ఎడిసన్‌లోనే చిన్న ఇల్లు చూసుకోగలిగితే ఉండిపో, నా మాట అదే. మీ ఆఫీసువాళ్ళు ఒత్తిడి పెట్టి రాక తప్పకపోతే మాత్రం మా వైపు కొత్త కాలనీల్లోకి రావద్దు, అందరూ కొంటున్నారని కొనొద్దు. రిచర్డ్‌సన్‌లోనో ప్లేనో పాత ఊళ్ళోనో డార్ట్ స్టేషన్లకి దగ్గరగా చూడు, 2025 అక్టోబర్‌లో ఎయిర్‌పోర్ట్ నుంచి ప్లేనో దాకా సిల్వర్ లైన్ అని కొత్త రైలు కూడా మొదలైంది. ఇళ్ళు పాతవి, వంటిల్లు చిన్నది, మీ ఆవిడకి మొదట నచ్చకపోవచ్చు. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు రియల్టర్ చూపించే గదులన్నీ చూసేశాక ఆయన్ని పంపించేసి, ఆ గుమ్మం దగ్గర్నుంచి పాలు దొరికే చోటుకి ఒక్కసారి నడిచి చూడు, పిన్ని నడిచే వేగంతో, చేతిలో సంచీతో. మార్చిలో రావద్దు, అప్పుడు ఇక్కడ అంతా బాగుంటుంది. జూలైలో రా. వచ్చే ముందు ఫోన్ చెయ్యి, నీతోపాటు నేనూ నడుస్తా.